కోరంగి ఓడలెక్కినవారి ఊరి పేర్లు వెతికి ఇవ్వండి

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రివర్యులకు నమస్కారాలు.

గత సంక్రాంతికి మారిషస్ నుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. తెలుగు చదవడం రాదు గానీ ‘అమ్మోరు’, ‘సింహాద్రి అప్పన్న’ అన్న మాటలు అచ్చం మనలాగే పలికారు. ప్లాస్టిక్ కవరులోంచి ముత్తాత వలస కాగితం నకలు తీశారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఒంటిమీది మచ్చ, జిల్లా విజగపటం. ఊరి పేరు మీద వేలు ఆనించి, “ఇది ఎక్కడుంది?” అని అడిగారు. గుమాస్తా తన చెవిన పడినట్టు ఇంగ్లీషులో రాసుకున్న పేరు ‘బొండపిలి’. అది బొండపల్లా, బొడ్డపల్లా, బొంతుపల్లా? రెండు రోజులు తిరిగాం. ఒక కార్యాలయంలో సర్వే నంబరు లేనిదే పాత రికార్డు చూపలేమన్నారు. ఆయన ఊరు తెలియకుండానే వెళ్లిపోయారు.

అయ్యా, 1839 తుపాను ఊడ్చేసిన కోరంగి రేవు మనకిప్పుడు మడ అడవులు చూసే చోటు. మారిషస్‌లో మాత్రం తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరే పడింది. అక్కడ బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో, 1834 నుంచి చెరకు తోటలకు మన దేశపు కూలీలను ఒప్పందం మీద తరలించారు. నెలకు ఐదు రూపాయలు, తిండి గింజలు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత! గడువు తీరాక అక్కడే నిలిచినవారు కూడబెట్టిన డబ్బుతో, తోటల యజమానులు ముక్కలు చేసి అమ్మిన పొలాలు కొన్నారు. అదంతా నల్లరాతి నేల. ఒక్కొక్క రాయీ చేత్తో ఏరి గుట్ట పేరిస్తే గానీ గునపం దిగదు. ఆ రాళ్ల గుట్టలు నేటికీ చెరకు తోటల మధ్య కనిపిస్తాయి.

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. వలస రిజిస్టర్లు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మన పల్లెల పేర్లు పోల్చగలిగేది మాత్రం మనమే.

రిటైరైన ఇద్దరు తహసీల్దార్లను, ఒక చరిత్ర అధ్యాపకుడిని కూర్చోబెట్టండి. ఆ పేర్లను 1860ల నాటి ఇనాం (మాన్యం) భూముల రిజిస్టర్లతో, పాత గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల గ్రామ జాబితాలతో సరిచూడనివ్వండి. వెతుక్కుంటూ వచ్చేవారికి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

పెద్దాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ కాగితం నకలు నా దగ్గరే ఉంది. మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
కోరంగి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు