కంచె ఇవతలి నుంచి

అనంతపురం
ఆదివారం

చిరంజీవి భారతికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

ఫోనులో అయితే మాటా మాటా పెరుగుతుందని కాగితం పట్టుకున్నాను. పోయిన నెల నువ్వు కోచింగ్ ఇచ్చే ఆడపిల్లలతో ఆర్డీటీ మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడించడానికి వచ్చావు కదా. హాఫ్ టైంలో నిన్ను కంచె దగ్గరికి పిలిచి ఒక మాట చెప్పాను. నువ్వు నీళ్ల సీసాలు పంచుతూ, నా వైపు తిరగకుండానే, "నాన్నా, నువ్వేమైనా కోర్సు చేశావా?" అన్నావు. పిల్లలు నవ్వారు. నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను.

ఇంతకీ నేనన్నది ఏమిటి? నీ రైట్ బ్యాక్, అంటే కుడివైపు వెనక కాపు కాసే ఆ రెండు జడల పిల్ల, బంతి మనవాళ్ల కాలికి చిక్కితే చాలు, గీత పట్టుకుని పైకి పరుగు. బంతి పోయాక తిరిగి రావడానికి ఊపిరి చాలడం లేదు. ఆ ఖాళీలోకి అవతలివాళ్ల వింగర్, అదే అంచు వెంట దాడి చేసే పిల్ల, అప్పటికే మూడుసార్లు దూరింది. మొదటిసారి బంతి బయటికి పోయింది. రెండోసారి గోల్‌కీపర్ కాలు అడ్డం పెట్టింది. మూడోసారి ఆఫ్‌సైడ్ అని రిఫరీ ఆట ఆపారు. నాలుగోసారి ఎవరూ కాపాడరన్నాను. రెండో సగం మొదలైన కాసేపటికే ఏం జరిగిందో నేను గుర్తు చేయనక్కరలేదు.

అయితే ఆ రాత్రి కంచం పక్కన వేరుశనగ గింజలు పేర్చి చూపించావు చూడు, అక్కడ నేను ఓడిపోయాను. నా చేతిలో ఉంటే ఆ పిల్లను పైకి పోకుండా కట్టేసేవాడిని. నువ్వేమో ఆమె పైకి వెళ్లడం నువ్వు నేర్పిందేనని, వెళ్లినప్పుడు మధ్యలో ఆడే ఆరో నంబరు అమ్మాయి పక్కకు జరిగి ఆ చోటు కాయాలని, ఆమె జరగలేదని గింజ జరిపి మరీ చెప్పావు. రైట్ బ్యాక్‌ను ఆపేస్తే కుడివైపు దాడే ఉండదన్నావు. నిజమే. ఖాళీ నాకు కనబడింది. అది ఎవరు పూడ్చవలసిన ఖాళీయో కనబడలేదు.

ఈ ముక్క మధ్యాహ్నమే చెప్పి ఉంటే నోరు మూసుకుని కూర్చునేవాడిని. కారణం చెప్పి నన్ను కాదను తల్లీ, నీ కోచింగ్ లైసెన్సు చూపించి కాదనకు. నా బాధ అంతే.

లైసెన్సంటే నాకు చులకన లేదు. ఇరవై ఏడేళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాడిని, హెవీ లైసెన్సు లేకపోతే స్టీరింగ్ ముట్టనిచ్చేవారా? కానీ కదిరి బస్సులో ఒక ముసలమ్మ "బండి ఎక్కడో ఏడుస్తోంది నాయనా" అన్నప్పుడు, నీకు లైసెన్సు ఉందా అని నేను అడగలేదు. బండి ఆపి చూశాను. అరిగింది క్లచ్ ప్లేటని చెప్పడం ఆమె వల్ల కాదు, నిజమే. ఏడుపు మాత్రం నాకంటే ముందు ఆమే విన్నది.

మన హైదరాబాద్ రహీం సాబ్ గురించి మీ కోర్సులో చెప్పారో లేదో. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టు శిక్షకుడు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీదుగా వచ్చినవే. వీటన్నిటికంటే నాకు నచ్చేది జకార్తా కథ. 1962లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఫైనల్‌కు రహీం అతణ్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, తీసుకెళ్లి ముందు వరుసలో పెట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచినప్పుడు ఒక గోలు జర్నైల్‌దే. ఆ ఎత్తు ఏ పరీక్షలో రాస్తే వస్తుంది? అలాగని ఆయన ఉత్త చేతులతో వచ్చినవారు కాదు, వ్యాయామ విద్యలో డిప్లొమా ఉంది. నా వాదనకు అడ్డమని ఆ సంగతి దాచను.

ఇంకొకటి విని నవ్వుకున్నాను. ఫ్రాన్సులో రీమ్స్ క్లబ్ 2022లో విల్ స్టిల్ అనే ముప్పై ఏళ్ల కుర్రవాడికి జట్టును అప్పగించింది. అతనికి పెద్ద జట్ల శిక్షకుడికి కావలసిన ప్రో లైసెన్సు లేనందుకు మ్యాచ్‌కు 25,000 యూరోల జరిమానా కడుతూ ఆడించిందట. మా డిపోలో ఈ వెసులుబాటు ఉంటే ఎంతమంది క్లీనర్లు డ్రైవర్లయ్యేవారో!

ఇక నీ కాగితం ముందు నేను చేతులు కట్టుకునే చోటు ఒకటుంది. ఎదురింటి పిల్లవాడికి చీలమండ బెణికితే కొబ్బరినూనె రాసి లాగి వత్తింది నేనే. సాయంత్రానికి బూరెలా పొంగింది. మంచుగడ్డ గుడ్డలో చుట్టి పెట్టమని, కాలు ఎత్తులో ఉంచమని, నువ్వు ఫోనులో చెబితే గానీ వాడి ఏడుపు ఆగలేదు. తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లలను ఆ రోజు మళ్లీ ఆడించకూడదనీ నువ్వే చెప్పావు. నీ అంత జాగ్రత్త చూస్తే జర్నైల్‌ను నువ్వు ఫైనల్ ఆడనిచ్చేదానివి కావేమో. పరాయివాళ్లు తమ బిడ్డను నీ చేతిలో పెట్టేటప్పుడు లైసెన్సు చూపించమని అడగాలి, నువ్వు చూపించాలి. ఆట ఎలా సాగుతోందో చెప్పే మనిషిని మాత్రం అది అడగకు.

కోచింగ్‌లో డి లైసెన్సు అయ్యింది, ఇక దాని పైమెట్టు సి లైసెన్సుకు వెళ్తానంటున్నావు. వెళ్లు. ఫీజుకు తక్కువైతే మొహమాటపడకుండా రాయి, రిటైర్మెంటు డబ్బులో నీ పేరున కొంత అలాగే ఉంచాను. వచ్చేటప్పుడు ఆ డి కోర్సు పుస్తకం తీసుకురా, కళ్లద్దాలు మార్పించుకున్నాను.

ఆరో నంబరు అమ్మాయి ఇప్పుడైనా పక్కకు జరుగుతోందా? జాబు రాయి.

ఇట్లు
నాన్న