వార్షిక నివేదిక 2024-25: గర్భసంచి గురించి నోరు విప్పిన ఏడాది

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికను పొదుపు, అప్పుల లెక్కలతో మొదలుపెట్టేదాన్ని. ఈసారి ఆ కాగితం విడిగా జతచేశాను, తీరిగ్గా చూసుకోండి. ఈ ఏడాది మనం ఎక్కువ పొద్దు గడిపింది మన ఒంటి గురించి మాట్లాడుకోవడంలోనే. ఆ మాట మీటింగులో పుట్టలేదు. నెల్లూరు జిల్లా కలిగిరి వైపు, పొగాకు ఆకులు ఏరి వేరుచేసే ఒక గ్రేడింగు షెడ్డులో, మధ్యాహ్నం అన్నాల దగ్గర పుట్టింది.

క్యారియర్లు విప్పుకున్నాక మనవాళ్లలో ఒకామె బట్టల కొట్టు కవరులోంచి స్కాన్ కాగితం బయటికి తీసింది. ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆర్నెల్లుగా బయటుంటే పది రోజులైనా ఆగడం లేదు. ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోతే గర్భసంచిలో గడ్డ ఉంది, తీసేయాలి, ఆలస్యమైతే కాన్సర్ అవుద్దని చెప్పారంట. చెవి కమ్మలు కుదవపెట్టి డబ్బు సిద్ధం చేసుకుంది. "పిల్లలు పుట్టేశారు, కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇంక ఆ సంచితో పనేంది అక్కా?" అని నన్నడిగింది. నాకు జవాబు తెలియలేదు. చుట్టూ కూర్చున్న పదిమందిలో ముగ్గురికి అప్పటికే సంచి లేదు. ముగ్గురూ నలభై లోపువాళ్లే.

ఇది మన ఊళ్ల సంగతే అనుకున్నాను, కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది. ఆ లెక్కల్లో దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు.

తర్వాతి సమావేశానికి ప్రభుత్వాస్పత్రి గైనకాలజిస్టు మేడం వచ్చారు. బోర్డు మీద బొమ్మ గీసి, గర్భసంచి జామకాయంత ఉంటుందనీ, దాని పక్కనే ఉండే అండాశయాలు ఎముకలకు, గుండెకు కావలసిన హార్మోన్లు ఇస్తాయనీ చెప్పారు. సంచితో పాటు అండాశయాలూ తీసేస్తే, ముప్పై అయిదేళ్ల మనిషికి యాభై ఏళ్లకు రావలసినవన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే వయసు ముందుకు జరగొచ్చు. స్కానులో కనిపించే గడ్డల్లో కాన్సర్ అయ్యేవి చాలా అరుదు. తెల్లబట్ట ఇన్ఫెక్షన్ వల్లయితే మందులతో పోతుంది. కొన్ని రకాలకు భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి, లేకపోతే మళ్లీ వస్తుంది.

అప్పుడు వెనక వరసలోంచి లేచిన సభ్యురాలి మాట ఎవరం మర్చిపోలేం. పదహారేళ్లకు పెళ్లి, ఇరవై ఒకటికి కు.ని. ఆపరేషన్, ఇరవై తొమ్మిదికి సంచి తీయడం. ఇప్పుడు ముప్పై ఎనిమిది. "రాత్రి నిద్రలో ఒళ్లంతా ఆవిర్లొచ్చి లేచి కూచుంటా. మోకాళ్లు మడవలేను. ఇవన్నీ దానివల్లేనని నాకు ఈ రోజుదాకా ఎవరూ చెప్పలా" అంది.

కమ్మలు కుదవపెట్టిన చెల్లెల్ని మనమే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం ఎనిమిది గ్రాములే ఉంది. రక్తస్రావం తగ్గే మాత్రలు, ఐరన్ మాత్రలు ఇచ్చి నెలనెలా రమ్మన్నారు. నాలుగో నెలకు ముట్టు అయిదు రోజులకు దిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. సంక్రాంతికి కమ్మలు మళ్లీ చెవులకొచ్చాయి. ఇంకొక సభ్యురాలికి మాత్రం మందులకు లొంగని పెద్ద గడ్డలు. ఆమెకు సంచి తీయాల్సే వచ్చింది, ఆమె వెంటా ఉన్నాం. అసలు తీయించుకోవద్దని మన సంఘం ఎవరికీ చెప్పదు. వేరే మందు లేదని ఇంకో డాక్టరు కూడా చూసి చెప్పాలని అడుగుతుంది. అనవసర గర్భసంచి తొలగింపుల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కాబట్టి రెండో మాట అడగడం ఎవరినో అవమానించడం కాదు.

"కాన్పులు ఆస్పత్రిలోనే అవుతున్నాయి గదా, ఇంకేం కావాలి?" అని కొందరు పెద్దలు అడిగారు. నిజమే, కాన్పుల్లో మన రాష్ట్రం మెరుగే. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే ఆంధ్రలో 45. ప్రపంచంలో 2023లో దాదాపు 2,60,000 మంది తల్లులు పోయారు, అంటే రోజుకు ఏడొందల పైచిలుకు. వాళ్లలో నూటికి తొంభైమందికి పైగా పేద, దిగువ మధ్యాదాయ దేశాలవాళ్లు. ఎక్కువమందిని తీసుకుపోయింది రక్తస్రావం, బీపీ, ఇన్ఫెక్షన్, నాటు పద్ధతిలో కడుపు తీయించుకోవడం. ఆపగలిగినవే. ఆ చావులు తగ్గడం పెద్ద సంగతే. అయితే 1994లో కైరో జనాభా సదస్సులో 179 దేశాలు కూర్చుని రాసుకున్న పునరుత్పత్తి ఆరోగ్యం అనే మాటలో కాన్పు ఒక ముక్క మాత్రమే. ఎప్పుడు కనాలి, ఎంతమందిని కనాలి అని తేల్చుకోగలగడం, సుఖవ్యాధుల నుంచి కాపాడుకోవడం, పిల్లలు కలగనివాళ్లకు వైద్యం అందడం కూడా అందులోవే. పెద్దవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి బాధ పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో మగవాళ్ల వైపు కారణాలూ బోలెడు. మన ఊళ్లలో గొడ్రాలు అన్న పేరు మాత్రం ఆడదానికే.

మగవాళ్లతో ఒక్క సమావేశమే పెట్టగలిగాం, వచ్చినవాళ్లు తక్కువ. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నూటికి 70 మంది దాకా ఉంటే, భర్త చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మగవాళ్లకు చేసేది కోత, కుట్టు లేని చిన్న పని. "బరువులెత్తాలి గదా" అన్నారొకరు. బస్తాలు ఎత్తే ఆడవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు.

మిగతావి క్లుప్తంగా. ఐరన్ మాత్రను షెడ్డులో పదకొండు గంటల టీతో మింగే అలవాటు మాన్పించాం. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, నిమ్మకాయ నీళ్లు పట్టనిస్తాయి. తడి పొగాకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. అందుకే నీళ్లోసుకున్నవాళ్లను ఆ పనికి పెట్టవద్దని యజమానులను అడిగాం, ఇద్దరు ఒప్పుకున్నారు. కొన్న చేతి తొడుగులు ఉక్కకు ఎవరూ వేసుకోవడం లేదు, పల్చటివి వెతుకుతున్నాం. పద్దెనిమిది నిండని పిల్ల పెళ్లి ఒకటి ఆపాం, ఒకటి ఆపలేకపోయాం. ఆ రెండోది నన్నింకా నిద్రపోనివ్వడం లేదు.

1992లో ఈ పక్కనే దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ సారా మీద లేచారు. ఆ రోజుల్లో దుకాణాల ముందు కూర్చున్న మన అత్తలే, తెల్లబట్ట అని నోటితో అనడానికి ఈ ఏడాది మీటింగులో కొంగు అడ్డం పెట్టుకున్నారు. మూడో మీటింగుకు కొంగు తీశారు.

వచ్చే ఏడాది ముఖ్యమైన పని గర్భసంచి ముఖద్వార కాన్సర్ పరీక్షలు. 2022లో దేశంలో దాదాపు 80,000 మంది దీనితో చనిపోయారు. కాన్సర్ కాకముందే పట్టుకోగల జబ్బు ఇది. ముప్పై దాటిన సభ్యులందరినీ జట్లుగా ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్తాం. పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది. మొదటి జట్టుకు ఆటో వచ్చే నెల మొదటి సోమవారం ఉదయం ఎనిమిదింటికి రచ్చబండ దగ్గర బయలుదేరుతుంది, చార్జీ సంఘానిదే. నెల తప్పినవాళ్లు మాత్రం 9వ తేదీన రండి, ఆ రోజు గర్భిణులకు పెద్ద డాక్టరు చూస్తారు. పాత స్కాన్ కాగితాలు ఎన్ని ఉంటే అన్నీ కవర్లో పెట్టి తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి