బంకులో గాలి మీటరు కూడా కొలతే

సంపాదకులకు నమస్కారం.

2021లో లీటరు వంద దాటిన పెట్రోలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మళ్లీ వంద కిందికి దిగలేదు. తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దానిమీద లీటరుకు 4 రూపాయలు, మరో రూపాయి రోడ్డు సెస్సు. వీటిని తగ్గించమని గట్టిగా అడగాల్సిందే. ఈలోగా బండి ఉన్న ప్రతివాళ్లూ చేసుకోగలిగిన పని టైర్లలో గాలి చూసుకోవడం. బంకులో గాలి ఉచితంగా పట్టాలని చమురు కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. తీరా వెళ్తే కంప్రెసర్ ఉంటుంది, గొట్టం ఉంటుంది, మీటరు ముల్లు కదలదు. లేదంటే గాలి పట్టే కుర్రాడు ఉండడు.

గాలి తగ్గిన టైరు తిరిగినప్పుడల్లా నేలకు నలుగుతుంది. ఆ నలుగుడుకు ఖర్చయ్యేది మన పెట్రోలే. బొటనవేలితో నొక్కి గట్టిగానే ఉందనుకోవడం పొరపాటు. మీటరు మీద 28 (పీఎస్‌ఐ) ఉండాల్సిన టైరు 22కి దిగినా వేలికి తేడా తెలియదు. ఎంత పట్టించాలో బండితో వచ్చిన పుస్తకంలో గానీ, బండి మీది స్టిక్కరులో గానీ ఉంటుంది. ముందు టైరుకు ఒక లెక్క, వెనక టైరుకు ఒక లెక్క, వెనకాల మనిషి కూర్చుంటే ఇంకో లెక్క. రెండింటికీ 40 కొట్టించేస్తే టైరు నడుమ అరిగిపోతుంది, వానలో జారుతుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎండలో తిరిగి వచ్చాక మీటరు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి వదలొద్దు. పట్టించాక వాల్వు మీద నీటి చుక్క వేయండి. బుడగ లేస్తే లోపలి పిన్ను పోయినట్టే.

పంక్చరుకు వెనక చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, బ్రేకు రాడ్డు నట్టు అతిగా బిగించడం. సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్లో చక్రాన్ని చేత్తో తిప్పండి. అర చుట్టుకే రాసుకుంటూ ఆగితే బ్రేకు పట్టేసి ఉంది. పెడల్ రెండు మూడు సెంటీమీటర్లు దిగాక బ్రేకు పట్టేలా నట్టు వదులు చేయాలి. రెండోది చైను. మామూలు 100, 125 సీసీ బళ్లకు కింది వరుస రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. చైను అంతటా ఒకేలా సాగదు కాబట్టి చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, అన్నిటికంటే బిగువున్న చోట సరిచేయాలి. కిరసనాయిలుతో తుడిచి, 90 నంబరు గేరాయిలు పలుచగా రాస్తే చాలు. ఇదంతా ఇంజిను ఆపే చేయాలి, చైనుకు స్ప్రాకెట్‌కు మధ్య వేళ్లు పోతాయి.

ఇంజినులోకి వెళ్లే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టరు కంపెనీ నుంచే నూనె పట్టించి వచ్చిన కాగితపుదైతే, దాన్ని గాలి కొట్టి మళ్లీ వాడటం కూడా దండగే. దాన్ని మార్చాల్సిందే.

మైలేజీ లెక్క ఒక్క ట్యాంకుతో తేలదు. ప్రతిసారీ సెంటర్ స్టాండు మీదే, ఒకే గుర్తు దాకా నింపి, మూడుసార్లు కిలోమీటర్లు రాసుకోవాలి. మూత అంచుదాకా నింపొద్దు. బీఎస్‌6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బళ్లలో పెట్రోలు ఆవిరి పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలు చేరి పాడుచేస్తుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 50 ఇచ్చేది 45కి పడిపోతే రెండు లీటర్ల పైచిలుకు ఎక్కువ తాగుతుంది. లీటరు 110 అనుకున్నా నెలకు 240 రూపాయలు. కూలిపనికి బండి మీద వెళ్లేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు.

అందుకే నా విన్నపం. పంపుల కొలత చూడటానికి వచ్చే తూనికలు కొలతల శాఖవారు అదే రోజు గాలి మీటరునూ సరైన గేజీతో పోల్చి చూడాలి. వాహనదారులు కూడా గాలి లేదనగానే వెనుదిరగకుండా బంకులో ఫిర్యాదుల పుస్తకం అడిగి, తేదీ వేసి రాయండి. కంపెనీ అధికారి ఫోన్ నంబరు అక్కడి బోర్డు మీదే ఉంటుంది.

– ఒక టూవీలర్ మెకానిక్, ఏలూరు