శంకర్‌పల్లిలో ఇల్లు చూస్తున్న అమ్మాయికి

తెనాలి,
ఆదివారం

చి.ల.సౌ. సుధకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ నీవు, అల్లుడుగారు, బంటి క్షేమమని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోను చేస్తే "బాగున్నాం నాన్నా" అని వెంటనే బంటి చేతికి ఇచ్చేస్తున్నావు. వాడు డైనోసార్ల పేర్లు అప్పజెబుతాడు. ఆ పేర్లన్నీ నాకూ నోటికొచ్చాయి గాని, నీ సంగతి మాత్రం ఒక్కటీ తెలియడం లేదు. కాగితం మీదైతే మాట మధ్యలో చేతులు మారదు కదా అని మొదలుపెట్టాను.

మీ అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మాగాయ పెట్టింది. ఉప్పు ఎక్కువైందని తన అనుమానం. సరిపోయిందని నేను ఎంత చెప్పినా నమ్మదు. శేషు వచ్చేటప్పుడు పంపుతాము. డబ్బాను అడ్డంగా పెట్టవద్దని వాడికి చెప్పాను, నువ్వూ చెప్పు. దుగ్గిరాల పసుపు కూడా కొట్టించి పెట్టింది. పెరటి గోడ మొన్నటి వానకు కొంత కూలితే కోటయ్య వచ్చి కట్టి వెళ్ళాడు.

నేను రోజూ పొద్దున ఒక గంట రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట మన పాత అరుగు మీద కూర్చుని వస్తున్నాను. 1998లో కంప్యూటర్లు వచ్చినప్పటి నుంచే మా దస్తావేజు లేఖరుల చేతిరాతకు రోజులు తగ్గిపోయాయి. ఇప్పుడు దస్తావేజులన్నీ శ్రీను టైపు చేస్తాడు. హద్దుల దగ్గర తికమక వస్తే మాత్రం "మాస్టారూ, ఒకసారి చూడండి" అని పిలుస్తాడు. అక్కడ కూర్చుంటే ఊళ్ళో సంగతులు వాటంతట అవే చెవిన పడతాయి. మొన్న కూడా ఒకటి పడింది. అంత ముఖ్యమైనదేమీ కాదు, తర్వాత రాస్తాను.

మీరు శంకర్‌పల్లిలో ఇల్లు చూస్తున్నారని వియ్యపురాలుగారు మీ అమ్మతో అన్నారట. మంచిదే. కొండాపూర్‌లో అంత అద్దె పోసి, ఆ లిఫ్టు చెడిపోయినప్పుడల్లా బంటిని ఎత్తుకుని మెట్లెక్కడం ఎంతకాలం? అయితే ఈ కబురు వియ్యపురాలుగారి నోట వినవలసి వచ్చిందని మీ అమ్మ కొంచెం నొచ్చుకుంది. నాకేమీ లేదు.

ఆ ఊరు నాకు బొత్తిగా తెలియనిది కాదు. అనంతగిరికి వెళ్ళినప్పుడు రైలు ఆ స్టేషను మీదుగానే వెళ్ళింది. లింగంపల్లి దాటాక ఎర్రనేలలు, బండరాళ్ళు, అక్కడక్కడ పూలతోటలు ఉండేవి. ఇప్పుడు ఆ నేలంతా వెంచర్లేనని శేషు అంటున్నాడు. 2018లో మున్సిపాలిటీ కూడా అయింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేస్తే ఎకరం వంద కోట్లు దాటిందని పేపర్లో చదివి నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. అక్కడ అంత పలికితే కాస్త అవతల మోకిలలో, ఇంకాస్త అవతల శంకర్‌పల్లిలో ధర పెరగకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేమని మీ వయసు వాళ్ళకు అనిపించడం సహజం. ఆ తొందర మీదే కొందరు బతుకుతున్నారు, అది గుర్తుపెట్టుకో.

అక్కడి లెక్కలు మన లెక్కలు కావు. మనకు సెంట్లు, వాళ్ళకు గుంటలు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు. మన సెంటు 48.4 గజాలే. ఎవరైనా "రెండు గుంటలు" అంటే మన అయిదు సెంట్లని వెంటనే తెలియాలి. ఫ్లాటైతే చదరపు అడుగులు చెబుతారు. అందులో మెట్లు, లిఫ్టు, నడవ అన్నీ కలిపిన అంకె ఒకటి ఉంటుంది, కాలు పెట్టి నడిచే కార్పెట్ ఏరియా ఇంకొకటి. రెండోది కాగితం మీద రాయించుకో. దానితోపాటు భూమిలో నీ వంతుకు ఎన్ని గజాల అవిభాజ్య వాటా వస్తుందో అడుగు. గోడలు ముప్పై, నలభై ఏళ్ళకు పాతబడతాయి. అప్పుడు నీకు మిగిలేది ఆ వాటా ఒక్కటే.

ఇక నీళ్ళ సంగతి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఆ వైపు నుంచే గండిపేటకు వస్తుంది. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. ఆ తర్వాత 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ రెండు చెరువులకు వచ్చే నీటిని కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు పరిమితులు పెట్టారు. శంకర్‌పల్లి మండలంలోనూ ఆ గ్రామాలు ఉన్నాయి. 2022లో దాన్ని సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. "ఎత్తేశారు కదా" అని అమ్మేవాడు అంటాడు. అనగానే తల ఊపవద్దు. మీరు చూసే సర్వే నంబరు ఏ గ్రామానిది, పక్కన చెరువు ఉంటే నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు, అంటే దాని ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ ఉంది, ఇవి చూసుకోండి. ఇరవై అయిదు ఎకరాలకు తక్కువ కాని చెరువైతే ఆ గీత నుంచి ముప్పై మీటర్లు, చిన్నదైతే తొమ్మిది మీటర్లు వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక పడగొట్టిన ఇళ్ళ ముందు నిలబడి ఏడ్చినవాళ్ళను టీవీలో చూశావు కదా. వాళ్ళలో చాలామంది చేతిలో రిజిస్టరైన దస్తావేజులే ఉన్నాయి.

రిజిస్టరైతే చాలదా అని అరుగు మీదికి వచ్చే ప్రతివాడూ అడుగుతాడు. చాలదమ్మా. ఆఫీసు దస్తావేజును నమోదు చేస్తుంది. అమ్మినవాడికి హక్కు ఉందా లేదా అన్నదానికి పూచీ పడదు.

నీకు ఏడో తరగతిలో హిందీ చెప్పిన మాస్టారు గుర్తున్నారా? ఆయన సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. (మీ అమ్మకు చాలాసార్లు చెప్పాను. మొదలుపెట్టగానే పొయ్యి మీద ఏదో ఉందని లేచి వెళ్ళిపోతుంది.) ఆయన రిటైరైన డబ్బుతో ఊరి చివర కొత్త లేఅవుట్లో స్థలం కొన్నారు. తూర్పు ముఖం, రెండు వైపులా రోడ్డు, ధర చూస్తే పక్కవాటికంటే తక్కువ. రంగుల ప్లాను ఒకటి చుట్టి చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అందులో ఇంకా నాటని చెట్లు కూడా పచ్చగా అచ్చువేసి ఉన్నాయి. "మాస్టారూ, ఇది బాగుంది, అనుమతి నంబరు వేసి, ముద్ర ఉన్న ప్లాను ఒకటి ఉండాలి, అది చూపించమనండి" అన్నాను. వచ్చే వారం వస్తుందన్నాడట అమ్మేవాడు. అయితే దస్తావేజు కూడా వచ్చే వారమే రాద్దామన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "ముహూర్తం ఎల్లుండి. మీకు వీలుకాకపోతే చెప్పండి" అని ఇంకొకరి దగ్గర రాయించుకున్నారు.

రిజిస్ట్రేషను జరిగింది, స్వీట్లు పంచారు, నాకూ పంపారు. ఆయన నాలుగు మూలలా నాలుగు కొబ్బరి మొక్కలు వేశారు. సాయంత్రం కాగానే సైకిలుకు రెండు వైపులా నీళ్ళ క్యాన్లు కట్టుకుని వెళ్ళేవారు. తర్వాత బోరు వేయించారు. మొక్కలు కాపుకు వచ్చాక, పెద్దవాడి పెళ్ళి కుదిరాక, ఇల్లు కడదామని ప్లాను అనుమతికి పెట్టారు. పంచాయతీ వాళ్ళు అసలు లేఅవుటు తీసి చూస్తే అది పార్కుకు వదిలిన జాగా. లేఅవుటు వేసినప్పుడు నూటికి పది వంతులు ఖాళీగా వదిలి పంచాయతీకి రాసివ్వాలి. అలా రాసిచ్చిన దానిలోనే ముక్క కోసి ఆయనకు అమ్మారు. అమ్మినవాడి తలుపు తట్టేసరికి అతను ఊరు మారి చాలా కాలమైంది. కోర్టులో ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు అక్కడ నిజంగానే పార్కు ఉంది, సిమెంటు బల్లలు ఉన్నాయి. మాస్టారు సాయంత్రాలు అక్కడే కూర్చుని, తన కొబ్బరి చెట్లెక్కే పిల్లలను హిందీలో తిడుతుంటారు. బోరు నీళ్ళు కూడా పార్కుకే వాడుతున్నారు. నన్ను చూస్తే, "ఆ రోజు మీరు ఒక్క మాట గట్టిగా అనవలసింది" అంటారు. గట్టిగానే అన్నాను. ఆయన వినలేదు, నేను ఇప్పుడు గుర్తు చేయను.

ఇదంతా ఎందుకు రాశానంటే ఊరికే, ఆయన మొన్న పార్కులో కలిశారు.

సరే, అరుగు మీద విన్న మాట. కొల్లిపర సర్వే నంబరు ఒకటి చెప్పి ఎవరో ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించుకున్నారని శ్రీను అన్నాడు. ఆ నంబరు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మీ తాతయ్య నీకు ఇస్తూ నీ పేరిట దఖలు దస్తావేజు రాయించిన అర ఎకరం అది. రాసింది నేనే. ఈసీ ఎవరైనా తీయించుకోవచ్చు, తప్పేమీ లేదు. అయితే అలాంటి మాట మన ఊళ్ళో గంటలో పాకుతుంది. సాయంత్రానికి కౌలు నాగేశ్వరరావు ఇంటికి వచ్చి, "అమ్మాయిగారు అమ్మేస్తున్నారటగా, కంద విత్తనం తేవాలా మానాలా" అని అడిగాడు. ఏమి చెప్పను? తెమ్మన్నాను. విత్తనం ధర ఈ ఏడు మండిపోతోంది, పాపం.

నేను అడగడం లేదు సుధా. ఆ భూమి నీది. అమ్మే హక్కు నీకు పూర్తిగా ఉంది, ఆ మాట దస్తావేజులో నా చేతితోనే రాశాను. అమ్మితే నాకేమీ బాధ లేదు. మీ అమ్మ బాధపడవచ్చు, అది వేరే సంగతి.

నన్ను కొరుకుతున్నది ఇంకొకటి. ఏదో ప్రీలాంచ్ అని, అంటే అనుమతులు రాకముందే అమ్మడం, మొత్తం డబ్బు ముందే కడితే అడుగుకు ఇంత తగ్గిస్తారని అల్లుడుగారు ఎవరితోనో అంటుంటే శేషు విన్నాడట. శేషుకు వినికిడి ఎక్కువ, అర్థం చేసుకోవడం తక్కువ, నాకు తెలుసు. అబద్ధమైతే ఈ పేరా వదిలేయి. నిజమైతే మాత్రం రెండుసార్లు చదువు. ఇళ్ళ అమ్మకాలను అదుపు చేసే రెరా సంస్థ నంబరు రాకుండా ప్రకటన వేయకూడదు, బుకింగు తీసుకోకూడదు. చట్టం 2016 నాటిది, నిన్నటిది కాదు. రాతపూర్వకంగా అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. కొన్నవాళ్ళ దగ్గర వసూలు చేసిన దానిలో డెబ్బై శాతం ఆ నిర్మాణానికే విడిగా ఒక ఖాతాలో ఉంచాలి. నంబరు తీసుకోనివాడు ఈ కట్టుబాట్లేవీ లెక్కచేయడు. నీ డబ్బుతో వాడు ఇంకొకచోట భూమి కొంటాడు. పదేళ్ళ నాటి స్నేహితుడే కావచ్చు, నవ్వుతూ మాట్లాడే మనిషే కావచ్చు. పక్కాగా కాగితం ఉన్న భూమిని అమ్మి, కాగితమే పుట్టని ఇంటికి కట్టడమేమిటమ్మా?

డబ్బు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. అరవై లక్షల ఫ్లాటు అనుకుందాం. కట్టుబడిలో ఉన్నదైతే అయిదు శాతం జీఎస్టీ, మూడు లక్షలు. ఇల్లు పూర్తయి, కాపురానికి తగినదని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. రిజిస్ట్రేషను ఖర్చు తెలంగాణలో ఏడున్నర శాతం, నాలుగున్నర లక్షలు. తర్వాత కప్‌బోర్డులు, గ్రిల్సు, ఫ్యాన్లు ఉంటాయి. ఇద్దరి జీతాలూ వాయిదాకే పోతే బంటి ఫీజు ఎక్కడ నుంచి వస్తుంది? ఇక నీకు ఒకటో నెంబరు తలనొప్పి రోడ్డు. అది ఔటర్ రింగ్ రోడ్డు అవతలి ఊరు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు అంతదాకా రాదు. రాత్రి షిఫ్టు ఉన్న రోజు నువ్వు ఎలా వస్తావు? ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, వానాకాలంలో ఒక రాత్రి వెళ్ళి ఆ వీధి చూడండి. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను ఏప్రిల్లో నీళ్ళ ట్యాంకర్లు ఎన్ని వస్తాయని అడగండి. బ్రోషర్లో లేనిది అతను చెబుతాడు.

నీకు జలుబు తగ్గిందా? గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. మిరియాల పాలు తాగు. బంటికి ఫ్రిజ్ నీళ్ళు ఇవ్వవద్దని మీ అమ్మ రాయమంది.

అక్కడి లింకు డాక్యుమెంట్లు (ఆ స్థలం ఇదివరకు చేతులు మారిన పాత దస్తావేజులు), అనుమతి ప్లాను, ఈసీ జిరాక్సులు తీయించి కొరియరులో పంపు. ఫోనులో పంపితే ఆ చిన్న అక్షరాలు నాకు కనబడవు. ఈసీ 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో పాత రిజిస్టర్లు వెతికించాలి. బద్ధకించి వదిలేయవద్దు. అల్లుడుగారు తప్పుగా అనుకుంటారనుకుంటే, నాన్నకు పొద్దుపోవడం లేదట, సరదాగా చూస్తాడట అని చెప్పు.

కొల్లిపర చేను సంగతి కంద తవ్వకం అయ్యేదాకా ఆగగలవేమో చూడు, నాగేశ్వరరావు నష్టపోకుండా ఉంటాడు. అమ్మడమే ఖాయమైతే బేరం నాకు వదిలేయి, పక్క పొలం వాళ్ళు చాలా కాలంగా అడుగుతున్నారు. దస్తావేజు కూడా ఇంకొకరి చేత రాయించవద్దు, నేనే రాస్తాను. ఆధార్, పాన్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసుకుని ఒక రోజు ముందుగా రా. పగటి రైలుకే రా. బంటిని తీసుకురా. సాక్షులను నేను చూస్తాను.

ఆశీస్సులతో,
నాన్న