ఆ నాటకంలో తప్పు మెలోడ్రామాది కాదు

సంపాదకులకు,

పరిషత్తు నాటక పోటీల మీద గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన సమీక్ష చదివాను. ఒక సాంఘిక నాటకాన్ని ఏడుపు ఎక్కువైందని, దానికి నేపథ్య సంగీతం తోడై ఒట్టి మెలోడ్రామా అయిందని ఒక్క ముక్కలో తీసిపారేశారు. ఆ నాటకం నేనూ చూశాను. బాగాలేని మాట నిజమే. కారణం మాత్రం అది కాదు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించి బతికినవాణ్ణి, అందుకే రాస్తున్నాను.

మెలోడ్రామా పుట్టిందే సంగీతంతో. 1770లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో రచయిత రూసో రాసిన 'పిగ్మాలియన్' నాటకం ఆడారు. అందులో నటుడు పాడడు. కాసేపు మాట్లాడి ఆగుతాడు. ఆగినచోట వాద్యాలు అందుకుని అతని మనసులో మిగిలిపోయింది వినిపిస్తాయి. 1800లో పారిస్‌లో నాటక రచయిత పిక్సెరెకూర్ 'సెలీనా' నాటకంతో ఈ పద్ధతి మామూలు జనం దగ్గరికి చేరింది. అందులో కథానాయిక కన్నతండ్రి మూగవాడు. సైగలే తప్ప మాట లేదు. అతని గోడు మొత్తం వాద్యబృందమే చెప్పాలి. హార్మోనిస్టుగా నాకు అసూయ పుట్టే పాత్ర అది! రెండేళ్లకు ఇంగ్లీషు రచయిత హోల్‌క్రాఫ్ట్ దాన్నే ఇంగ్లీషులోకి మార్చి లండన్‌లో కోవెంట్ గార్డెన్ నాటకశాలలో ఆడించాడు.

లండన్‌లో ఇంకో తిరకాసుంది. 1737 నాటి చట్టం వల్ల మాటల నాటకం ఆడే హక్కు డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ లాంటి అనుమతి ఉన్న శాలలకే ఉండేది. మిగతావాళ్లు పాట, వాద్యం, మూకాభినయం కలిపి, మాది మాటల నాటకం కాదు బాబూ అని తప్పించుకునేవారు. 1843లో చట్టం మారేదాకా ఇదే తంతు. మరి హోల్‌క్రాఫ్ట్ నాటకం పడింది అనుమతి ఉన్న శాలలోనే. జనానికి నచ్చేది పెద్ద శాలలవాళ్లకూ కావాలి కదా.

మన హరిశ్చంద్ర కాటిసీనునూ మెలోడ్రామా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అక్కడ చంద్రమతి తన దుఃఖాన్ని తానే పద్యంగా పాడుకుంటుంది, మేం శ్రుతి పట్టి ఆమె వెంట నడుస్తాం. ఆమె రాగం సాగదీస్తే మేమూ సాగాలి, వన్స్‌మోర్ పడితే మళ్లీ ఎత్తుకోవాలి. పైగా విశ్వామిత్రుడు పరీక్ష పెట్టేవాడే గాని దుర్మార్గుడు కాడు. మెలోడ్రామాకు నిఖార్సైన దుర్మార్గుడు ఉండాలి, వాడి గుట్టు అందరి ముందూ బయటపడాలి. ఎన్ని కన్నీళ్లు కారాయన్నది దానికి కొలత కాదు.

ఇక ఆ పోటీ నాటకం. సంగీతం పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసుకొచ్చారు. కొడుకు శవం దగ్గర తండ్రి మాట్లాడుతున్నంతసేపూ వయొలిన్ మోగుతూనే ఉంది, మూడో వరుసలో కూర్చున్న నాకే సగం మాటలు వినపడలేదు. ఆయన ఆగి, ఏమీ అనలేక కొడుకు చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. సంగీతం అందుకోవాల్సింది సరిగ్గా అక్కడ. అప్పటికి ట్రాక్ అయిపోయింది. పాపం, మంచి నటుడు. మీ సమీక్షలో ఆయన పేరైనా రాయాల్సింది.

ఇట్లు,
ఒక పాత హార్మోనిస్టు, తెనాలి