మంత్రిగారూ, మిథనాల్ మాటేమిటి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2022 మార్చిలో మీరు హైడ్రోజన్ కారులో పార్లమెంటుకు వచ్చిన ఫొటో చూసి సంబరపడ్డాను. కానీ అందులో వాయువును 700 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లతో, కుక్కాలి. మా ఊరి బంకులో టైర్లకు గాలి కొట్టే మిషనే ఆరు నెలలుగా మూలన పడి ఉంది!

హైడ్రోజన్‌ను తనలో మోసే మిథనాల్ అనే ఆల్కహాల్ అయితే మామూలు ద్రవం, పెట్రోలులాగే పోసుకోవచ్చు. హైదరాబాదులోని ప్రభుత్వ రంగ సంస్థ భెల్ 2021లోనే మన బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసి చూపింది. లీటరుకు పెట్రోలులో సగం శక్తే, నిజమే. కడుపులోకి పోతే చూపు పోతుంది, అదీ నిజమే. బొగ్గుతో చేస్తే కారు పొగ ఫ్యాక్టరీకి మారుతుందంతే. అందుకే వరిగడ్డితో చేయించమంటున్నాను. కోతలవగానే ఇక్కడ దాన్ని తగలబెడుతుంటే దండెం మీది పంచెలు మసిబారుతున్నాయి. మిథనాల్ నుంచి హైడ్రోజన్ తీసుకుని, దానితో కరెంటు పుట్టించుకుని నడిచే ఫ్యూయల్ సెల్ బస్సును ఒక్కదాన్ని మా రూట్లో తిప్పించి, కిలోమీటరు ఖర్చు బస్సు మీదే రాయించండి.

ఇట్లు,
ఒక వరి రైతు