ముందు బాత్రూం చూపించమనండి

సంపాదకులకు నమస్కారం.

నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మాది తెనాలి. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో మనవణ్ణి చూసుకోవడానికి రెండేళ్లుగా మేం మియాపూర్‌లో ఉంటున్నాం. మొన్న జూన్‌లో వాణ్ణి ఇంటి దగ్గరి ప్లే స్కూల్లో చేర్చాం. ఆ సంగతే ఈ ఉత్తరం. కాస్త దొడ్డి వ్యవహారం కాబట్టి టిఫిన్ తింటూ పేపరు చదివేవాళ్లు మన్నించాలి.

చేర్చడానికి వెళ్తే పిల్లాడి పేరు కన్నా ముందు వాళ్లడిగింది "బాత్రూంకి చెప్తాడాండీ?" అని. డైపర్ వేసుకునే పిల్లల్ని తీసుకోరట. చెప్తాడండీ అని గర్వంగానే అన్నాను. నేర్పింది నేనే మరి.

మా ఇద్దరు పిల్లలకి ఈ అలవాటు ఎప్పుడు, ఎలా అయిందో నన్నడిగితే చెప్పలేను. పొద్దస్తమానం స్తంభాల చుట్టూ తిరిగేవాణ్ణి, ఇంట్లో అంతా మా ఆవిడే. కాళ్లు చాపుకుని, పిల్లని పాదాల మీద కూర్చోబెట్టుకుని "స్‌స్‌స్" అంటూ ఉండడం మాత్రం లీలగా గుర్తు. ఇప్పుడావిడకి మోకాళ్ల నొప్పులు. అలా ఆ డ్యూటీ నాకు పడింది. మా వియ్యపురాలు ఫోన్ చేసినప్పుడల్లా "మా పిల్లలు ఏడాదికే చెప్పేవాళ్లు అన్నయ్యగారూ" అంటుంది. నిజమే అయ్యుండొచ్చు. అప్పట్లో మొలతాడు తప్ప ఒంటి మీద ఏముండేది? పెరట్లో ఎక్కడ పోసినా అడిగేవాళ్లు లేరు. తడి తగిలితే పిల్లకి చిరాకేసేది. డైపర్‌లో ఆ తడే తెలియనప్పుడు ఇక చెప్పడమెందుకు?

సంక్రాంతి నాటికి మావాడికి రెండేళ్ల తొమ్మిది నెలలు. పొద్దున పాలు తాగిన పావుగంటకి హాల్లో కర్టెన్ వెనక్కి చేరేవాడు. కర్టెన్ రెండు చేతులా పట్టుకుని, మొహం ఎర్రగా పెట్టుకుని, నేను తొంగి చూస్తే "తాతా, పో" అనేవాడు. అంటే వచ్చే సంగతి వాడికి తెలుస్తోందన్నమాట. ఇక పాలు తాగగానే ఎత్తుకెళ్లడం మొదలుపెట్టాను. కమోడ్‌లో పడిపోతానని భయం, ఫ్లష్ మోతంటే ఇంకా భయం. చిన్న సీటు కొని పైన పెట్టాం. అయినా కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కలేకపోయాడు. మీరూ ఓసారి కాళ్లు నేలకి ఆనించకుండా కూర్చుని చూడండి. పీట వేద్దామంటే మా ఆవిడ పూజపీట ముట్టుకోనివ్వలేదు. ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి పాదాల కింద పెట్టాను. నాలుగో రోజు పనయింది. వాడి చేతే ఫ్లష్ నొక్కిస్తే "బై బై ఆయీ" అన్నాడు. మధ్యలో సోఫా మీద, ఒకసారి నా పక్క మీద జరిగినవి ఇక్కడ రాయను. మార్చి నెలాఖరుకి పగలు డైపర్ మానేశాం.

స్కూల్లో చేరిన పది రోజులకి గమనిస్తే, ఇంటికి రాగానే చెప్పులతోనే బాత్రూంకి పరుగు. తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా బిగబట్టుకుంటున్నాడు. తర్వాత అసలు దొడ్డికి వెళ్లడమే మానేశాడు. నాలుగు రోజులు. ఐదో రోజు నా చొక్కా గుప్పిట పట్టుకుని ఒకటే ఏడుపు. బిగబట్టేకొద్దీ గట్టిపడుతుందని, గట్టిపడితే నొప్పి, ఆ నొప్పికి భయపడి మళ్లీ బిగబడతారని పిల్లల డాక్టరు చెప్పారు. మెత్తబడడానికి మందు రాసి, తగ్గింది కదా అని వెంటనే ఆపేయొద్దన్నారు. అరవొద్దన్నారు. రాత్రి పక్క తడపడం ఐదేళ్ల దాకా మామూలే, దానికి కంగారు పడొద్దన్నారు.

మర్నాడే స్కూలుకి వెళ్లి బాత్రూం చూపించమన్నాను. చేర్చేటప్పుడు చూడకపోవడం నా తప్పే. గోడల మీద ఏనుగు బొమ్మలు, రంగురంగుల కుర్చీలు, ఏసీ చూసి మురిసిపోయి వచ్చాం. లోపల పెద్దవాళ్ల కమోడ్ ఒక్కటి, ఇంచుమించు వాడి నడుము ఎత్తున. నేలంతా తడి. ముప్ఫై మంది పైచిలుకు పిల్లలకి ఆయా ఒక్కామె. ఆమెనేమీ అనను, టిఫిన్ డబ్బాల మూతలు తీయడం దగ్గర్నుంచి ముక్కులు తుడవడం దాకా అన్నీ ఆమే. పిల్లాడు అడిగితే పంపిస్తామన్నారు టీచరు. ఇంట్లో వాడు "ఆయి" అంటాడు. అక్కడ "మే ఐ గో టు వాష్‌రూమ్" అనాలట. వీడు రెండు మూడు సార్లు "ఆయీ, ఆయీ" అంటే ఆయాని పిలుస్తున్నాడనుకున్నారట!

చివరికి మేడమ్ గారు ఇచ్చిన సలహా: "డైపర్ వేసి పంపించేయండి అంకుల్, ఎవరికీ టెన్షన్ ఉండదు." డైపర్ పిల్లల్ని చేర్చుకోబోమని జూన్‌లో చెప్పింది కూడా ఆవిడే.

ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు మా అల్లుడు ఫోన్‌లో తీసి చూపించాడు. 20 మంది పిల్లలకి ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని అందులో ఉంది. అధికారులు తనిఖీకి వెళ్తే రిజిస్టర్ల కన్నా ముందు బాత్రూం తలుపు తీయాలని నా మనవి. తల్లిదండ్రులూ ఫీజు కట్టే ముందు అదే పని చేయాలి. చిన్న సీటు, కాళ్ల కింద ఓ మెట్టు, పూటకి రెండుసార్లు పిల్లల్ని అడగకుండానే తీసుకెళ్లే మనిషి. వేలకి వేలు ఫీజులు తీసుకునేచోట ఇది గొంతెమ్మ కోరికా?

నా వంతుగా ఇంకో పెయింటు డబ్బా కడిగి, పసుపు రంగు వేసి, స్కూల్లో ఇచ్చి వచ్చాను. థాంక్యూ అంకుల్ అని తీసుకున్నారు. సోమవారం వెళ్లి చూస్తే వరండాలో ఉంది, దాన్లో మనీప్లాంట్ పెట్టారు.

– ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి, మియాపూర్, హైదరాబాద్